ఆగిపోయిన విమానాలు - ముందే కట్టిన డబ్బులు

(మహాసభల ప్రవాస వేదికలో కువైట్ నుంచి వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు చేసిన ప్రసంగ పాఠం)



నిర్వాహకులు నాకు ఫోన్ చేసి "కువైట్ గురించి ఏదైనా మాట్లాడండి" అన్నారు. "ఏం మాట్లాడమంటారు?" అని అడిగాను. "ఏదైనా ఫరవాలేదు, రాజకీయం వద్దు, కులం వద్దు, సినిమా అసలొద్దు" అన్నారు. ఈ మూడూ తీసేస్తే మన తెలుగువాళ్ళకి మాట్లాడుకోవడానికి మిగిలేది ఒక్కటే, విమానం టిక్కెట్ల ధరలు! అందుకని ఆ విషయమే ఎంచుకున్నాను. నేను సాహిత్యం చదువుకున్నవాడిని కాదు, ఇంజనీరింగ్ చదివినవాడిని. మాటల్లో తప్పులుంటే పెద్దమనసుతో మన్నించండి. అంకెల్లో తప్పులుంటే మాత్రం నన్ను నిలదీయండి.

మా ఊరు గన్నవరం పక్కన. చిన్నప్పుడు విమానం చప్పుడు వినిపిస్తే చాలు, పుస్తకాలు పడేసి డాబా మీదికి పరుగెత్తేవాళ్ళం. విమానం ఎక్కే యోగం మాత్రం చదువయ్యాక, కువైట్‌లో ఉద్యోగం దొరికినప్పుడే పట్టింది. అక్కడ నేను చేరిన పని ట్రావెల్ ఏజెన్సీల లెక్కలకు సాఫ్ట్‌వేర్ రాయడం. టిక్కెట్టు ఎప్పుడు అమ్మారు, డబ్బు ఎప్పుడు ఎవరికి చేరింది, ప్రయాణికుడు ఎప్పుడు ఎగిరాడు అన్న మూడు తేదీలతోనే నా జీవితంలో సగం గడిచింది. ఈ మూడు తేదీల మధ్య ఉన్న ఖాళీ గురించే ఇవాళ నేను చెప్పబోయేది.

ముందు ఒక పాత కథ. చౌక చార్టర్ విమానం అనగానే చరిత్రలో మొదట గుర్తొచ్చే పేరు ఫ్రెడ్డీ లేకర్. ఈ ఇంగ్లాండు ఆసామి 1966లో లేకర్ ఎయిర్‌వేస్ అనే చార్టర్ సంస్థ పెట్టాడు. చార్టర్ అంటే మన భాషలో చెప్పాలంటే పెళ్ళికి బస్సు మాట్లాడుకోవడం. ఆర్టీసీ బస్సయితే నిండినా నిండకపోయినా టైముకి బయల్దేరుతుంది. పెళ్ళిబస్సు మొత్తం ఒకరు మాట్లాడుకుంటారు, సీట్లు నింపుకునే బాధ్యత వాళ్ళదే. అందుకే మనిషికి చవకగా పడుతుంది. ఆ రోజుల్లో అట్లాంటిక్ దాటే చార్టర్లకు ఒక నిబంధన ఉండేది. విమానం మాట్లాడుకునేది ఏదో ఒక సంఘమై ఉండాలి, ఎక్కేవాళ్ళు ఆ సంఘంలో కనీసం ఆరు నెలలుగా సభ్యులై ఉండాలి. ఇంకేముంది, చవక టిక్కెట్టు కోసం సంఘాలు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి. సభ్యత్వ కార్డుల మీద పాత తేదీలు వేసి ఇచ్చేవాళ్ళు. (నవ్వులు) మీరు నవ్వుతున్నారంటే సంఘాలతో మీకూ అనుభవం ఉందన్నమాట!

ఈ నాటకం ఎందుకని లేకర్ ఏళ్ళ తరబడి ప్రభుత్వాలతో పోరాడి, 1977 సెప్టెంబరు 26న లండన్ గాట్విక్ నుంచి న్యూయార్క్‌కు స్కైట్రెయిన్ పేరుతో విమానం నడిపాడు. లండన్ నుంచి ఒకవైపు టిక్కెట్టు 59 పౌండ్లు. సామాన్యుడికి అమెరికా అందుబాటులోకి వచ్చింది. ఐదేళ్ళు గడవకముందే, 1982 ఫిబ్రవరి 5న ఆ సంస్థ మూతపడింది. ఆ రోజు దాదాపు ఆరువేల మంది ఎక్కడివాళ్ళక్కడ చిక్కుపడిపోయారు. కారణాలు చాలా ఉన్నాయి. 1979లో చికాగో ప్రమాదం తర్వాత ఆయన నడిపే డీసీ-10 రకం విమానాలను కొన్ని వారాలు ఎగరనివ్వలేదు. ఆర్థిక మాంద్యం వచ్చింది. పెద్ద కంపెనీలు ధరలు తగ్గించి మీదపడ్డాయి. వీటన్నిటికీ తోడు విమానాల అప్పు డాలర్లలో, రాబడిలో ఎక్కువభాగం పౌండ్లలో. పౌండు విలువ పడేకొద్దీ అప్పు పెరిగింది. ఈ చివరి కారణం గుర్తుపెట్టుకోండి. గన్నవరం దగ్గర మళ్ళీ కనిపిస్తుంది.

ఇప్పుడు కువైట్‌కి వద్దాం. కువైట్‌లో చాలాకాలం ఒకే విమాన సంస్థ, ప్రభుత్వానిది, కువైట్ ఎయిర్‌వేస్. 2005 అక్టోబరులో జజీరా ఎయిర్‌వేస్ ఎగరడం మొదలుపెట్టింది. ఆ ప్రాంతంలో ప్రభుత్వానికి చెందని మొదటి చౌక విమాన సంస్థ అది. దాని వెనకే పుట్టింది వతనియా ఎయిర్‌వేస్. అరబ్బీలో వతనియా అంటే 'జాతీయ' అని అర్థం. 2009 జనవరిలో దాని మొదటి సర్వీసు ఎగిరింది. కొత్త ఎయిర్‌బస్ ఎ320 విమానాలు. అందరూ వెళ్ళే పెద్ద టెర్మినల్ కాకుండా షేక్ సాద్ టెర్మినల్ నుంచి ప్రయాణం, అంటే క్యూలు లేవు, తోపులాటలు లేవు. చౌక విమానంలో మోకాళ్ళు ముందు సీటుకి తగులుతాయి కదా, వీళ్ళు సీట్లు తగ్గించి కాళ్ళు చాపుకునే జాగా ఇచ్చారు. దుబాయ్, బహ్రెయిన్, బేరూత్, కైరో, డమాస్కస్ లాంటి ఊళ్ళకు తిరిగేది.

అయితే అది మొదలైన సమయం చూడండి. 2008 చివర్లో ప్రపంచమంతా బ్యాంకులు కుప్పకూలాయి, 2009 మొదట్లో వీళ్ళు రిబ్బన్ కత్తిరించారు. చిన్న దేశం, మూడు సంస్థలు, దాదాపు అవే ఊళ్ళు. ఒకడు ధర తగ్గిస్తే మిగతా ఇద్దరూ తగ్గించాల్సిందే. ఎక్కువ సీట్లున్నవాడు తగ్గిస్తే కొంతవరకు తట్టుకుంటాడు. సీట్లు తక్కువ పెట్టుకున్నవాడు అదే ధరకి అమ్మితే ఏం మిగులుతుంది? పూర్ణం బూరె పెట్టి ఇడ్లీ ధర తీసుకున్నట్టు అయ్యింది. ఇంతలో 2011 వచ్చింది. ఈజిప్టులో, బహ్రెయిన్‌లో, ఆ తర్వాత సిరియాలో జనం వీధుల్లోకి వచ్చారు. ఇవన్నీ ఈ సంస్థ తిరిగే దారులే. 2011 మార్చి 16న వతనియా తన విమానాలన్నీ ఆపేసింది. అంటే రెండేళ్ళు దాటి రెండు నెలలు కూడా నిండలేదు.

అదే గాలివాన జజీరాకీ తగిలింది. వాళ్ళూ నష్టాలు చూశారు. కానీ వాళ్ళు ఒక పని చేశారు. లాభం లేని దారులు వదిలేసి, తిప్పే విమానాలు తగ్గించుకున్నారు. 2010లో విమానాలు అద్దెకిచ్చే ఒక కంపెనీని తమలో కలుపుకుని, మిగిలిన విమానాలను బయటివాళ్ళకు అద్దెకిచ్చారు. ఒకడు విమానాలకు అద్దె కట్టలేక పోయాడు, ఒకడు విమానాలకు అద్దె తీసుకుని నిలిచాడు. జజీరా 2018లో సొంత టెర్మినల్ కూడా కట్టుకుంది. 2017 నవంబరులో ఆ సంస్థ భారతదేశానికి మొదటి విమానం వేసినప్పుడు ఎంచుకున్న ఊరు మన హైదరాబాదే. మా కువైట్ తెలుగువాళ్ళు ఎంతమంది ఉన్నారో, ఎంత తరచుగా ఊరెళతారో వాళ్ళు లెక్క వేసుకునే ఉంటారు.

వతనియా కథ 2011తో అయిపోలేదు. కొత్త పెట్టుబడులతో 2017 జూలైలో మళ్ళీ ఎగిరింది. నడిపేది కొద్దిపాటి అద్దె విమానాలైనా, ఆర్డర్లు మాత్రం ఘనంగా ఇచ్చారు. 2017 నవంబరులో దుబాయ్ ఎయిర్‌షోలో పది ఎంబ్రేయర్ ఇ195-ఇ2 విమానాలకు ఆర్డరు, ఇంకో పదింటికి హక్కు. 2018లో ఈ సంస్థ కోసమే 25 ఎయిర్‌బస్ నియో విమానాలకు మరో ఒప్పందం. ఫోటోలు, కరచాలనాలు, చిన్న విమానం బొమ్మ చేతులు మారడం, అన్నీ అయ్యాయి. ఆ వేసవిలో సర్వీసులు ఆలస్యం కావడం, రద్దు కావడం మొదలైంది. 2018 సెప్టెంబరులో కువైట్ పౌర విమానయాన శాఖ లైసెన్సు నిలిపివేసింది. మళ్ళీ ఎగరలేదు. ఆర్డరిచ్చిన విమానాల్లో ఒక్కటీ వతనియా రంగు వేసుకోలేదు.

ఈ వార్త చదివినప్పుడు నాకు 'ఈ సినిమా ఇంతకుముందే చూశానే' అనిపించింది. (సినిమా ప్రస్తావన తెచ్చినందుకు నిర్వాహకులు క్షమించాలి.) చూసింది ఎక్కడో కాదు, మా గన్నవరంలో.

విజయవాడ ఎల్ఈపీఎల్ గ్రూపు వాళ్ళు ఎయిర్ కోస్టా పెట్టారు. 2013 అక్టోబరులో ఎగరడం మొదలైంది. చిన్న ఎంబ్రేయర్ జెట్లు, ఇటు రెండు సీట్లు, అటు రెండు సీట్లు, మధ్య సీటు అన్నదే లేదు. కువైట్ నుంచి సెలవుకి వచ్చిన నేను, మా నాన్నగారిని జీవితంలో మొదటిసారి విమానం ఎక్కించింది అందులోనే. ఆయన కిటికీలోంచి కృష్ణ కాలువలు చూస్తూ, "ఒరేయ్, మన పొలం ఎటు ఉంటుందంటావు?" అని ఇరవైసార్లు అడిగారు. "మన ఊరివాళ్ళ విమానంరా" అని ఊరంతా చెప్పుకున్నారు. 2014 ఫిబ్రవరిలో సింగపూర్ ఎయిర్‌షోలో ఆ సంస్థ యాభై ఎంబ్రేయర్ ఇ2 విమానాలకు ఆర్డరిచ్చింది. అప్పుడు వాళ్ళు నడుపుతున్నవి వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని, అవీ అద్దెవే. టిక్కెట్టు అమ్మేది రూపాయల్లో, విమానానికి అద్దె డాలర్లలో. లేకర్‌కి పౌండు చేసిన పనే వీళ్ళకి రూపాయి చేసింది. 2016లోనే ఒకసారి అద్దె తగవుతో సర్వీసులు ఆగాయి. 2017 ఫిబ్రవరి చివర్లో ఆగిన విమానాలు మళ్ళీ లేవలేదు.

కడప వాళ్ళకు ఇంకో పేరు గుర్తుంటుంది, ట్రూజెట్. హైదరాబాద్ కేంద్రంగా 2015 జూలైలో మొదలైన సంస్థ. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం ప్రారంభించిన రోజున జెండా ఊపిన సర్వీసుల్లో ఈ సంస్థ నడిపిన కడప - హైదరాబాద్ కూడా ఒకటి. కువైట్ నుంచి తెల్లవారుజామున హైదరాబాద్‌లో దిగిన మనిషి, రాత్రంతా బస్సులో కూర్చోనక్కర లేకుండా అదే రోజు కడపలో దిగే వీలు వచ్చింది. 2022 ఫిబ్రవరిలో అదీ ఆగిపోయింది.

అయ్యా, ఇన్ని చావు కబుర్లు ఎందుకు చెబుతున్నావని మీరు అనుకోవచ్చు. వీటన్నిటిలో నాకు కనిపించిన పోలిక ఒక్కటే. ఈ సంస్థలేవీ విమానం నడపడం చేతకాక పోలేదు. టిక్కెట్టు చవకగా ఇచ్చినందుకు మాత్రమే కూడా పోలేదు. చవకగా ఇచ్చి నిలబడ్డవాళ్ళు ఉన్నారు. మన పెద్దలు "ఎరువు సొమ్ము బరువు చేటు" అన్నారు. విమానం అద్దెది, ఇంజను అద్దెది, చివరికి చేతిలో ఆడే నగదు కూడా అద్దెదే. ఆ నగదు ఎవరిదంటారా? మీదీ నాదీ. నేను మొదట్లో చెప్పిన మూడు తేదీలు గుర్తున్నాయా? మీరు డిసెంబరు ప్రయాణానికి జూన్‌లో టిక్కెట్టు కొంటారు. ఆ డబ్బు కొన్ని రోజుల్లోనో వారాల్లోనో విమాన సంస్థకి చేరిపోతుంది. మీరు ఎగిరేది ఆరు నెలల తర్వాత. ఆ ఆరు నెలలూ మీరు ఆ సంస్థకి వడ్డీ లేకుండా, నోటు లేకుండా అప్పిచ్చినట్టే లెక్క. లెక్కల పుస్తకంలో కూడా దాన్ని అప్పు వైపే రాస్తారు. నేను రాసిన సాఫ్ట్‌వేర్‌లోనూ అటే వేసేవాళ్ళం. సంస్థ బాగున్నప్పుడు దీంతో ఎవరికీ ఇబ్బంది లేదు. నగదు కరువైన సంస్థ ఏం చేస్తుందంటే, మూడు నెలల తర్వాత ప్రయాణాలకి ఇవాళ భారీ తగ్గింపు ప్రకటిస్తుంది. ఆ వచ్చిన డబ్బుతో ఇవాళ్టి అద్దె, ఇవాళ్టి పెట్రోలు కడుతుంది. ఒకరోజు అద్దెకిచ్చినవాడు తలుపు తడతాడు. వాడికి లాయర్లున్నారు, విమానం పట్టుకుపోతాడు. బ్యాంకుకి తాకట్టు ఉంది. చేతిలో కాగితం పట్టుకుని మిగిలేది ప్రయాణికుడు. అందరికంటే చివర తెలిసేది కూడా అతనికే.

మీలో చాలామంది కార్డుతో కొంటారు. సంస్థ మూతపడితే బ్యాంకుకి ఫోన్ చేసి డబ్బు వెనక్కి అడిగే దారి ఉంటుంది. మా కువైట్‌లో టిక్కెట్టు కొనే మనిషి ఎవరో చెబుతాను. శుక్రవారం సెలవు రోజు సాయంత్రం కువైట్ సిటీలో మాలియాకి రండి. రాయచోటి, రాజంపేట, కడప, నెల్లూరు, గోదావరి జిల్లాల మాటలన్నీ ఒక్కచోట వినిపిస్తాయి. సేటు ఇంట్లో ఖద్దామాగా పనిచేసే అక్క, ఎడారిలో గొర్రెలు కాసే అన్న, ఇళ్ళల్లో డ్రైవర్లు, అందరూ అక్కడే కలుస్తారు. రెండేళ్ళకోసారి సెలవు. ఆ టిక్కెట్టు కోసం దినారు దినారు కూడబెట్టి, నోట్లు చేతిలో పెట్టి కొంటారు. ఆ అక్కకి కార్డు లేదు, బ్యాంకుకి ఫోన్ చేసే భాష లేదు. విమానం ఆగితే ఆమెకి పోయేది డబ్బు ఒక్కటే కాదు, సేటు ఇచ్చిన సెలవు కూడా పోతుంది. మళ్ళీ సెలవు ఎప్పుడో!

కువైట్ వాళ్ళకి విమానం అంటే ఎందుకంత గురి అని కొందరు అడుగుతారు. 1990లో ఇరాక్ ఆక్రమించినప్పుడు ఎయిరిండియా 59 రోజుల్లో 488 ట్రిప్పులు వేసి, అమ్మాన్ మీదుగా లక్ష మందికి పైగా భారతీయుల్ని ముంబయికి చేర్చింది. అప్పుడు వచ్చిన మన తెలుగువాళ్ళు ఆ కథలు ఇప్పటికీ చెబుతారు. నేను ఆ రోజులు చూడలేదు. నేను చూసింది 2020.

కరోనా వల్ల 2020 మార్చి 13 నుంచి కువైట్‌లో మామూలు విమానాలు ఆగిపోయాయి. మే నుంచి వందే భారత్ విమానాలు వచ్చాయి గానీ, వెళ్ళాల్సినవాళ్ళు వేలల్లో, సీట్లు వందల్లో. దాంతో సంఘాలు, మిత్ర బృందాలు సొంతంగా చార్టర్లు మాట్లాడుకోవడం మొదలైంది. మేం కూడా పదిమంది కలిసి హైదరాబాదుకి ఒక విమానం మాట్లాడాం. ఉద్యోగం పోయినవాళ్ళు, నెలలు నిండుతున్న గర్భిణులు, పిల్లల్ని చూడటానికి వచ్చి ఇరుక్కుపోయిన అమ్మానాన్నలు, ఇలా జాబితా తయారైంది. సాఫ్ట్‌వేర్‌వాడిని కాబట్టి జాబితా పని నాకిచ్చారు. డబ్బు పని రాజంపేట వైపు నుంచి వచ్చిన ఒక అకౌంటెంటు అన్నకి ఇచ్చారు.

ఆ అన్న మొదటిరోజే ఒక నియమం పెట్టాడు. వచ్చిన ప్రతి దినారూ వేరే ఖాతాలో ఉండాలి, ఇద్దరు సంతకం పెడితేనే కదలాలి, రెండు ప్రభుత్వాల అనుమతి కాగితాలు కళ్ళతో చూడకుండా ఎవరికీ పైసా కట్టకూడదు. మాకు చిరాకేసింది. "అన్నా, ఆలస్యమైతే విమానం ఇంకొకళ్ళు ఎత్తుకుపోతారు" అని గొడవపడ్డాం. ఆయన వినలేదు. "మన దుడ్డు అయితే ఎట్టన్నా ఆడుకుందాం అబ్బాయ్, ఇది వాళ్ళ దుడ్డు" అన్నాడు. ఆ రోజుల్లోనే ఇంకోచోట, పేర్లు అనవసరం, ముందే అడ్వాన్సులు కట్టి, రాని విమానం కోసం నెలల తరబడి తిరిగినవాళ్ళని మేమే చూశాం.

డబ్బు విషయంలో ఆ అన్న తప్పు చేయలేదు. జాబితా విషయంలో నేను చేశాను. వాట్సప్‌లో, ఫోన్‌లో, చీటీల మీద వచ్చిన పేర్లలో ఒకే మనిషి రెండు మూడుసార్లు ఉండేవారు. పేరు, పుట్టినతేదీ కలిస్తే ఒకటి తీసేయమని చిన్న ప్రోగ్రాం రాశాను. చకచకా శుభ్రం చేసింది. నాకు తట్టనిది ఏమిటంటే, మన పల్లెల్లో చాలామంది పాస్‌పోర్టుల్లో పుట్టినతేదీ జనవరి 1 అనో జూలై 1 అనో ఉంటుంది. బడిలో పంతులుగారు వేసిన తేదీ అది. ఒకే పేరు, ఒకే తేదీ ఉన్న ఇద్దరు అక్కలు ఆ జాబితాలో ఉన్నారు. నా ప్రోగ్రాం ఒకరిని తీసేసింది.

ఆమె పెట్టె కట్టుకుని ఎయిర్‌పోర్టుకి వచ్చింది. కౌంటర్లో పేరు లేదన్నారు. నా దగ్గరికి వచ్చి, "పేరు ల్యాకపోవడమేందన్నా? దుడ్డు కట్టినా కదా, ఇదో చీటీ" అని రసీదు చూపించింది. వాళ్ళ అమ్మకి బాగాలేదు. ఒక్క సీటు కోసం నేను చెయ్యని ప్రయత్నం లేదు. మామూలు విమానమైతే రేపు ఇంకోటి ఉంటుంది. చార్టర్ అంటే పెళ్ళిబస్సు అని చెప్పాను కదా, వెళ్ళిందంటే వెళ్ళిందే. ఆమె మాస్కు పైన కళ్ళు తుడుచుకుంటూ తిరిగి సేటు ఇంటికి వెళ్ళింది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

వేరే ఖాతాలో ఉన్న ఆమె డబ్బు మర్నాడే ఆమె చేతికి వచ్చింది. ఆ డబ్బుతోనే పన్నెండు రోజుల తర్వాత ఇంకో విమానంలో సీటు దొరికింది. వాళ్ళ అమ్మని చూసుకోగలిగింది, మాట్లాడించలేకపోయింది. ఆ అన్న పట్టుదల లేకపోతే, నేను పోగొట్టిన సీటుతో పాటు ఆమె డబ్బు కూడా పోయేది, ఆ చివరి చూపూ దక్కేది కాదు. అప్పటినుంచి విమాన సంస్థ ఏదైనా మూతపడిందని చదివినప్పుడల్లా నాకు బ్యాలెన్స్ షీటు గుర్తుకు రాదు, ఆ రసీదు గుర్తుకొస్తుంది.

కాబట్టి నా మనవి ఇది. ఆ అన్న పెట్టిన నియమం కొత్తదేమీ కాదు. అమెరికాలో పబ్లిక్ చార్టర్ నిబంధనల ప్రకారం ప్రయాణికుల సొమ్ము ఎస్క్రో ఖాతాలోనో, బాండు రక్షణలోనో ఉండాలి. ఇంగ్లాండులో కూడా 1974 ఆగస్టులో కోర్ట్ లైన్ అనే చార్టర్ సంస్థ సరిగ్గా సెలవుల సీజన్లో మూతపడి వేలమంది నష్టపోయాక, ప్యాకేజీ ప్రయాణికుల సొమ్ముకి రక్షణ నిధి ఏర్పాటు చేశారు. విచిత్రం ఏమిటంటే, ఈ రక్షణలు చార్టర్‌కి, ప్యాకేజీ యాత్రలకే. విడిగా మామూలు టిక్కెట్టు కొన్నవాడికి ఆ ఖాతా లేదు. ప్రభుత్వాల చేత అది చేయించడం మన ఒక్క సభ వల్ల అయ్యేది కాదు. మన చేతిలో ఉన్నది మనం చేద్దాం.

ఒకటి. మన సంఘాలు ఎప్పుడు విమానం మాట్లాడినా, యాత్రలకి గుంపుగా టిక్కెట్లు కొన్నా, ఆ డబ్బు సంఘం ఖాతాలో కలపకుండా వేరే ఖాతాలో ఉంచండి. ప్రయాణం అయ్యేదాకా అది ప్రయాణికుడిదే.

రెండు. నోట్లు ఇచ్చి టిక్కెట్టు కొనేవాళ్ళకి కాస్త చదువుకున్న మనం తోడు వెళదాం. బుకింగ్ కాగితం వేరు, టిక్కెట్టు వేరు. పదమూడు అంకెల టిక్కెట్టు నంబరు ఉందో లేదో చూడండి. ఆ బుకింగు విమాన సంస్థ వెబ్‌సైట్లో కనిపిస్తోందో లేదో అక్కడే, డబ్బిచ్చే ముందే చూడండి.

మూడు. ఒక సంస్థ తరచుగా టైములు మారుస్తున్నా, సర్వీసులు రద్దు చేస్తున్నా, దూరపు తేదీలకి నమ్మలేనంత తగ్గింపు ఇస్తున్నా, ఆ చవక ఎక్కణ్ణుంచి వస్తోందో ఒక్కసారి ఆలోచించండి. ఎయిర్‌షోలో ఎన్ని విమానాలకి ఆర్డరిచ్చారన్నది చూడకండి. ఇవాళ ఎగరగలిగినవి ఎన్ని ఉన్నాయో చూడండి.

నాలుగోది నాబోటి సాఫ్ట్‌వేర్ మిత్రులకి. పేరు, పుట్టినతేదీ కలిస్తే ఒకే మనిషి అనుకోకండి. తీసేసే ముందు పాస్‌పోర్టు నంబరు చూడండి. అనుమానం వస్తే ఫోన్ చేయండి.

నేను చౌక విమానాలకి వ్యతిరేకిని కాదు. లేకర్ లాంటివాడు లేకపోతే సముద్రం దాటడం కలవారికే మిగిలేది. ఎయిర్ కోస్టా లేకపోతే మా నాన్నగారు కృష్ణ కాలువల్ని పైనుంచి చూసేవారు కాదు. అలాంటి సంస్థలు మళ్ళీ పుడతాయి, పుట్టాలి కూడా. మాలియాలో నోట్లు లెక్కపెట్టి ఇస్తున్న ఆ అక్క చేతిలోని డబ్బుతో మాత్రం వాళ్ళు జూదం ఆడకూడదు. మనం ఆడనివ్వకూడదు.

పది నిమిషాలని చెప్పి ఇరవై తీసుకున్నాను. ఆలస్యానికి చింతిస్తున్నాం అని విమానాల వాళ్ళు చెప్పే మాటే చెప్పి సెలవు తీసుకుంటున్నాను.